విదేశంలో టీనేజ్ పిల్లల మధ్య సంఘ సేవ: ఆ మాట మళ్లీ నేనే ఎత్తవచ్చా?

నాకు 22 ఏళ్లు. ఒక క్రైస్తవ సంఘంలో (చర్చిలో) వాలంటీరుగా 13 నుంచి 18 ఏళ్ల పిల్లల మధ్య సేవ చేయడానికి మూడు నెలల క్రితం విదేశానికి వచ్చాను. వసతి, బ్యాంకు ఖాతా వంటివి కుదిరాయి. పిల్లలతో ఒంటరిగా ఉండకూడదని, వారికి విడిగా సందేశాలు పంపకూడదని సంఘం పెట్టిన నియమాలు సబబైనవేనని నమ్ముతున్నాను. అయితే వారి యాస, వేగంగా మాట్లాడుకునే మాటలు నాకు సగమే అందుతున్నాయి.

గత శుక్రవారం కూడిక ముగిశాక కుర్చీలు సర్దుతుండగా ఒక అబ్బాయి నా పక్కకు వచ్చి, ఈ మధ్య తనకు ప్రార్థన చేయాలనిపించడం లేదని మెల్లగా అన్నాడు. నేను సరైన మాట వెతుక్కునేలోపే వెళ్లిపోయాడు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. భాష పూర్తిగా పట్టుబడకముందే, నియమాలు దాటకుండా, ఇలాంటి పిల్లల మనసు వినడం మీరు ఎలా నేర్చుకున్నారు? ఆ మాటను నేనే మళ్లీ ఎత్తవచ్చా, లేక అతడే వచ్చేవరకు ఆగాలా? ఇటువంటి సేవలో ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.