హంపినా, బాదామినా? రాక్ క్లైంబింగ్ మొదలుపెట్టేవాళ్లకు సలహా కావాలి

అడిగినవారు (మార్కాపురం): ముగ్గురు స్నేహితులం. ఇప్పటిదాకా కొండలెక్కాం గానీ తాడు పట్టింది లేదు. సంక్రాంతి దాటాక వెళ్దామనుకుంటున్నాం. హంపి మంచిదా, బాదామినా? ఈలోగా భైరవకోన దగ్గర బోరు మోటారు దించే తాడుతో ప్రాక్టీస్ చేయొచ్చా?

జవాబు (ఒంగోలు): తమ్ముడూ, ఆ తాడు మాట మర్చిపోండి. క్లైంబింగ్‌కు వాడే డైనమిక్ రోపు మనిషి పడినప్పుడు సాగి, ఆ కుదుపును తనే తీసుకుంటుంది. బోరు తాడైతే ఆ దెబ్బంతా నడుముకీ, తాడు కట్టిన చోటుకీ తగులుతుంది. పైగా భైరవకోనలో ఉన్నవి కొండను తొలిచి మలిచిన గుళ్లు. అక్కడ ఇలాంటి ప్రయత్నాలు అసలు వద్దు.

ముందు భువనగిరి వెళ్లండి. అక్కడ క్లైంబింగ్ స్కూలుంది. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ శిక్షణ పొందింది అక్కడే. కొండంతా ఒకే రాయి, నున్నటి వాలు. చేతుల బలం మీద కాకుండా పాదాల మీద నమ్మకం పెట్టడం అక్కడ బాగా అలవాటవుతుంది.

ఆ తర్వాత హంపి. మీకు అమరావతి ఎక్స్‌ప్రెస్ మార్కాపురం రోడ్డులోనే దొరుకుతుంది, నేరుగా హోస్పేటలో దిగొచ్చు. అక్కడ ఎక్కువగా తాడు లేకుండా గుండ్లు ఎక్కడమే. కింద క్రాష్ ప్యాడ్ (పడితే దెబ్బ తగలకుండా వేసే మందపాటి పరుపు) పరిచి, పక్కన ఒకరు కాచుకుని ఉండాలి. గ్రానైట్ గరుకుకు వేళ్ల చివర్లు తొందరగా మండిపోతాయి, టేపు ఉంచుకోండి. తెల్లారగానే మొదలుపెట్టండి, ఎండెక్కితే రాయి పట్టుకోలేరు. గుళ్లు, మండపాల రాళ్ల జోలికి మాత్రం పోవద్దు.

జవాబు (నెల్లూరు): బాదామి గురించి నేను చెప్తా. ఎర్రటి ఇసుకరాయి, నిలువు గోడలు, అడ్డంగా మెట్లలాంటి అంచులు. తాడు తగిలించుకోవడానికి రాతిలో బోల్టులు కొట్టిన దారులున్నాయి కాబట్టి తాడుతో ఎక్కడానికి నాకు అదే ఇష్టం. కానీ గైడు లేకుండా వద్దు. వాన పడితే అసలు ఎక్కొద్దు. తడిసిన ఇసుకరాయి బలం తగ్గి, పట్టుకున్న అంచు చేతికి ఊడి వస్తుంది. మీ ఊళ్లో పలకరాయి పొరలుగా విడిపోవడం చూసే ఉంటారు, రాయిని బట్టే ఎక్కే పద్ధతి.

అడిగినవారు: థాంక్స్ అన్నా. పైకి ఆరినట్టు కనిపిస్తే చాలా?

జవాబు (నెల్లూరు): చాలదు. గోడ కింద మట్టిని బెత్తెడు లోతు గీకి చూడండి. తడి తగిలితే రాయి లోపల కూడా తడి ఉన్నట్టే, ఇంకో రోజు ఆగండి. ఎక్కేటప్పుడు కూడా అంచును అరచేత్తో తట్టి, డొల్లగా మోగితే వదిలేయండి.