సోలార్ గురించి చెప్పే నాయకులు తమ ఇంట్లో ఏం వాడుతున్నారో మనం చూడాలా, వద్దా?

ఎండపొద్దు:
ఎప్పటిదో పాత ఫార్వర్డ్ ఒకటి మళ్ళీ తిరుగుతోంది, మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. అందులో రెండిళ్ళు. ఒకటి కరెంటూ గ్యాసూ ఎడాపెడా తాగేసే పెద్ద భవంతి. రెండోది భూమిలోకి లోతుగా పైపులు దింపి చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉండేలా కట్టిన ఇల్లు, వాన నీళ్ళు కూడా పట్టి మొక్కలకి వాడుకుంటారట. చివర్లో అసలు మెలిక ఏంటంటే మొదటిది వాతావరణ మార్పు గురించి దేశదేశాలు తిరిగి చెప్పిన అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్‌ది, రెండోది చమురు కంపెనీల మనిషని అందరూ తిట్టిపోసిన మాజీ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్‌ది.

ఇది నిజమేనా, లేక ఎవరైనా అల్లి వదిలారా? నిజమే అనుకుందాం, అయితే మాత్రం పట్టించుకోవాలా? మా అన్నయ్య ఏమంటాడంటే, ఆయన చెప్పిన లెక్క కరెక్టా కాదా అది చూడు, ఆయనింటి బిల్లుతో నీకేం పని అని. నాకెందుకో అంత తేలిగ్గా మింగుడుపడట్లేదు. సిగరెట్ మానమని చెప్పే డాక్టర్ జేబులోనే పెట్టె కనిపిస్తే ఆయన మాట అబద్ధమైపోదు, ఒప్పుకుంటాను, కానీ వినేవాడు మానడు కదా.

మీటర్ రీడింగ్:
చాలావరకు నిజమే అండి, కాకపోతే సగంలో ఆపేశారు.

గోర్ సంగతి 2007 ఫిబ్రవరిలో బయటపడింది. వాతావరణ మార్పు మీద ఆయన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చిన మర్నాడే టెనెస్సీలోని ఒక సంస్థ ఆయన కరెంటు బిల్లులు బయటపెట్టింది (టైమింగ్ చూశారుగా, కావాలనే చేశారు), అంతకుముందు ఏడాది ఆ ఇల్లు కాల్చిన కరెంటు సగటు అమెరికన్ ఇంటికి దాదాపు 20 రెట్లు అని లెక్క చెప్పింది. ఆయన వైపు వాళ్ళ జవాబు ఏంటంటే, అది భార్యాభర్తలిద్దరి ఆఫీసులు కూడా ఉన్న ఇల్లు, పైగా ఎక్కువ రేటు కట్టి గ్రీన్ పవర్ కొంటున్నాం అని. ఆ తర్వాత ఇంటి మీద 33 సోలార్ ప్యానెళ్ళు పెట్టించాడు, భూమిలోకి పైపులు దింపే ఆ జియోథర్మల్ ఏర్పాటు కూడా పెట్టించాడు. ఫార్వర్డ్‌లో ఈ ముక్క ఉండదు.

బుష్ ఇల్లు టెక్సస్‌లో క్రాఫర్డ్ అనే చోట ఉంది, అక్కడ జియోథర్మల్ హీట్ పంప్, వాన నీళ్ళ తొట్టె రెండూ ఉన్న మాట వాస్తవం. అయితే ఆ ఇంటాయనే 2001లో ఉద్గారాలు తగ్గించుకోవాలన్న అంతర్జాతీయ క్యోటో ఒప్పందం నుంచి అమెరికాని బయటికి లాగేశాడు. ఇక్కడితో ఆగినా తప్పే, ఎందుకంటే గవర్నర్‌గా ఉన్నప్పుడు 1999లో ఇదే బుష్ సంతకం పెట్టిన చట్టం వల్ల టెక్సస్‌లో కరెంటు అమ్మే కంపెనీలు పవన విద్యుత్ లాంటివి కొనక తప్పలేదు. పదేళ్ళకి పెట్టుకున్న 2,000 మెగావాట్ల టార్గెట్ గడువుకి చాలా ముందే దాటేశారు. ఇవాళ అమెరికాలో గాలి నుంచి ఎక్కువ కరెంటు తీసే రాష్ట్రం అదే. మరి ఈయన్ని ఏ ఖాతాలో వేస్తారు?

పచ్చి మిరప:
లెక్కలు బాగున్నాయి గానీ నన్నడిగితే పట్టించుకోవాల్సిందే బ్రో. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ 2019లో వాతావరణం మీద అవార్డు తీసుకోవడానికి ఐస్‌లాండ్‌కి ప్రైవేట్ జెట్‌లో వెళ్ళాడు, విలేకరి అడిగితే నాలాంటివాడికి ఇంతకన్నా దారి లేదన్నట్టు చెప్పాడు. నీలాంటివాడు అంటే ఏంటి సార్? తర్వాత అమెరికా తరఫున వాతావరణ ప్రతినిధి కూడా అయ్యాడు. బ్రిటన్‌లో డేవిడ్ కామెరాన్ ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నప్పుడు పార్లమెంటుకి సైకిల్ తొక్కుతూ వెళ్ళేవాడు, ఫొటోలు అదిరిపోయేవి, 2006లో తేలిందేంటంటే వెనకాల ఆయన బూట్లూ కాగితాలూ మోసుకుంటూ కారు వచ్చేదట!!

శ్రీరంగనీతులు మనకి, సౌకర్యాలు వాళ్ళకి. మామూలు మనిషి పెట్రోల్ మీద పన్ను పెంచితే నోరు మూసుకుని కట్టాలి, ఇంట్లో ఏ బల్బు వాడాలో కూడా చెప్పించుకోవాలి. అలాంటప్పుడు చెప్పేవాడు ఏం వదులుకున్నాడని అడగడం తప్పెలా అవుతుంది?

గాలిమర:
అడగడం తప్పు కాదు, అడిగే చోటు తప్పు. ఇద్దరి కథ చెప్తాను, కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

అమెరికా సెనేటర్ టెడ్ కెన్నెడీ. పునరుత్పాదక ఇంధనానికి సెనేట్‌లో ఎప్పుడూ మద్దతుగా నిలబడ్డ మనిషి. 2001లో మాసచుసెట్స్ తీరం దగ్గర నాంటకెట్ సౌండ్ అనే సముద్ర భాగంలో వందకు పైగా గాలిమరలు పెడతామని కేప్ విండ్ అనే ప్రాజెక్టు వచ్చింది. ఆయన కుటుంబం ఇల్లు ఆ నీళ్ళకి ఎదురుగానే హయానిస్ పోర్ట్‌లో ఉంది, పడవలో తిరగడం ఆయనకి ప్రాణం. అంతే, పక్షులన్నాడు, జాలర్లన్నాడు, పడవల రాకపోకలన్నాడు, టూరిజం అన్నాడు, అనుమతుల పద్ధతి సరిగా లేదన్నాడు, చివరిదాకా వ్యతిరేకించాడు. వాటిలో ఒకటి రెండు పాయింట్లు న్యాయమైనవే కావచ్చు, నేను కాదనను. ఆయన అన్నకొడుకు రాబర్ట్ కెన్నెడీ జూనియర్, అప్పటికే పేరున్న పర్యావరణ లాయర్, ఆయనా 2005లో న్యూయార్క్ టైమ్స్‌లో దానికి వ్యతిరేకంగా వ్యాసం రాశాడు. కోర్టు కేసులూ అనుమతులూ అంటూ ఏళ్ళకేళ్ళు నానబెట్టాక 2017లో కంపెనీ చేతులెత్తేసింది. ఒక్క గాలిమర కూడా లేవలేదు.

ఇంకో పక్క ఆర్నాల్డ్ ష్వార్జెనెగ్గర్. పెట్రోల్ ఎడాపెడా తాగే హమ్మర్ బళ్ళంటే పిచ్చి, కాలిఫోర్నియా గవర్నర్‌గా ఉంటూ లాస్ ఏంజెలిస్ ఇంటి నుంచి సాక్రమెంటో ఆఫీసుకి ప్రైవేట్ జెట్‌లో వచ్చి వెళ్ళేవాడు. పచ్చి మిరప గారి పద్ధతిలో చూస్తే మొదటి రౌండ్‌లోనే ఔట్. కానీ 2006లో ఆయన సంతకం పెట్టిన రెండు చట్టాలున్నాయి. ఒకటి పది లక్షల ఇళ్ళ కప్పుల మీద సోలార్ పెట్టించే పథకం, ఆ పది లక్షలు 2019 నాటికి పూర్తయ్యాయి. రెండోది 2020కల్లా రాష్ట్రం ఉద్గారాలు 1990 స్థాయికి దిగిరావాలన్నది, అది గడువుకి ముందే అయింది.

కెన్నెడీ బల్బులు మార్చాడా, ఏ కారు ఎక్కాడు అన్నది నాకు అక్కర్లేదు. గాలిమర తన కిటికీలోంచి కనిపించే రోజు వచ్చినప్పుడు ఏమన్నాడు, అదొక్కటే చూస్తాను. వ్యక్తిగత ఎంపిక అంటే నా లెక్కలో అదీ. ఇంటి మీద ప్యానెల్ పెట్టుకోవడానికి డబ్బుంటే చాలు.

ఎండపొద్దు:
ఈ కోణం నేను ఆలోచించలేదు, బాగుంది. అలా చూస్తే మాటకీ చేతకీ తేడా లేనివాడు ట్రంప్ కదా 😀 స్కాట్లాండ్‌లో తన గోల్ఫ్ కోర్సు ఎదురుగా సముద్రంలో గాలిమరలు వద్దని బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2015లో ఓడిపోయాడు, ఇప్పుడూ గాలిమరలంటే అదే మంట.

గాలిమర:
అవును, నిలకడ ఉన్నంత మాత్రాన మంచి విధానం అయిపోదని చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆ 11 గాలిమరలూ 2018 నుంచి తిరుగుతూనే ఉన్నాయి.

పాత బల్బు:
అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? 1979 జూన్‌లో వైట్‌హౌస్ వెస్ట్ వింగ్ కప్పు మీద 32 సోలార్ ప్యానెళ్ళు పెట్టించాడు. చాలామంది అనుకున్నట్టు అవి కరెంటు తీసేవి కావు, నీళ్ళు కాచేవి. రాబోయే తరానికి ఇది మ్యూజియం వస్తువుగా మిగలొచ్చు, లేదా ఒక గొప్ప ప్రయత్నానికి మొదటి మెట్టు కావచ్చు అనే అర్థంలో ఆ రోజే మాట్లాడాడు. 1986లో, తర్వాత వచ్చిన అధ్యక్షుడు రీగన్ హయాంలో కప్పు రిపేరుకని దింపినవి మళ్ళీ ఎక్కలేదు. కొన్ని మెయిన్ రాష్ట్రంలో ఒక కాలేజీ భోజనశాలకి వేడినీళ్ళు కాచిపెట్టాయి, ఒకటి నిజంగానే స్మిత్సోనియన్ మ్యూజియంకి చేరింది.

అందరూ ఆ ప్యానెళ్ళు దింపినందుకే రీగన్‌ని తిడతారు. అసలు దెబ్బ అది కాదు. ఇళ్ళకి సోలార్ పెట్టించుకుంటే వచ్చే పన్ను రాయితీని 1985 చివర్లో ముగిసిపోనిచ్చారు, పరిశోధన నిధులు అంతకుముందే కోసేశారు, దాంతో నీటి హీటర్ల కంపెనీలు వరసగా మూతపడ్డాయి. అటు కార్టర్ కూడా కడిగిన ముత్యమేం కాదు, కప్పు మీద సోలార్ పెట్టిన మరుసటి ఏడాదే బొగ్గు నుంచి కృత్రిమ ఇంధనాలు తీయడానికి కార్పొరేషన్ పెట్టించాడు.

అయితే గాలిమర గారి పరీక్షలో ఆయన పాసే. 2017లో, తొంభై దాటిన వయసులో, సొంతూరు ప్లెయిన్స్‌లో తన పొలం పదెకరాలు సోలార్ కంపెనీకి లీజుకిచ్చాడు. 1.3 మెగావాట్లు, సూర్యుడి వెంట తిరిగే ప్యానెళ్ళు, ఆ చిన్న ఊరికి కావాల్సిన కరెంటులో సగానికి పైగా అక్కడి నుంచే.

ఊరికే చదివేవాణ్ణి:
ఉరుగ్వే మాజీ అధ్యక్షుడు ముహికా నడిపింది 1987 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ పెట్రోల్ కారు. ఎలక్ట్రిక్ కారుతో ఒక్క ఫొటో కూడా అక్కర్లేకుండానే, ఆయన హయాంలో 2010లో అన్ని పార్టీలూ కలిసి ఇంధన విధానానికి ఒప్పుకున్నాయి, గాలిమరలు వరసగా లేచాయి, ఇప్పుడు మంచి ఏడాదిలో ఆ దేశం కరెంటులో తొంభై శాతం పైనే పునరుత్పాదకం. అన్ని పార్టీలూ ఒప్పుకోవడమే అసలు కిటుకు, ప్రభుత్వం మారినా ఎవడూ ప్యానెళ్ళు దింపలేడు.

పచ్చి మిరప:
సరే, ష్వార్జెనెగ్గర్ విషయంలో పాయింట్ ఉంది, ఒప్పుకుంటా. జెట్ సంగతి మాత్రం వదల్ను. చట్టం బాగుంటే జెట్ మాఫీ అని మీరే తేల్చేస్తే రేపు ప్రతివాడూ అదే పాట పాడతాడు, నేను పెద్ద పనిమీద తిరుగుతున్నా, నన్నడక్కండి అని. అధికారిక ప్రయాణాల లెక్క, ఎన్ని కిలోమీటర్లు, మామూలు విమానం ఉండగా ప్రైవేట్ విమానం ఎందుకు, ఏటా బయట పెట్టమనండి చాలు. ఆస్తుల లెక్క ఇచ్చినట్టే ఇదీ ఇవ్వొచ్చు, ఖర్చు కూడా ఏం కాదు.

మీటర్ రీడింగ్:
ఇది నాకూ నచ్చింది. ఇంటి బిల్లు మాత్రం అందులో కలపకండి, గోర్ విషయంలో జరిగినట్టు ఆఫీసు వాడకం, ఇంటి వాడకం విడదీయలేక మళ్ళీ ఇదే రచ్చ. ప్రభుత్వ డబ్బుతో తిరిగే బండ్లూ విమానాలూ అయితే లాగ్ బుక్ ఎలాగూ ఉంటుంది.