ఫాస్ట్‌ఫుడ్ చైన్‌లో క్రూ మెంబర్ ఇంటర్వ్యూ: ఏం అడుగుతారు?

ఒక పెద్ద బర్గర్ చైన్‌లో క్రూ మెంబర్ (కౌంటర్‌లో, కిచెన్‌లో పనిచేసే) ఉద్యోగానికి అప్లై చేస్తే గురువారం ఇంటర్వ్యూకి రమ్మన్నారు. నాకిదే మొదటి ఉద్యోగం. ఇలాంటి చోట పనిచేసినవాళ్లు, కనీసం ఇంటర్వ్యూ దాకా వెళ్లినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

శని, ఆదివారాలు, రాత్రి క్లోజింగ్ షిఫ్టులు చేయగలవా అని తప్పకుండా అడుగుతారట. నాకు వారంలో రెండు సాయంత్రాలు క్లాసులున్నాయి. ఆ మాట ముందే చెప్పేయాలా, ఉద్యోగం ఖాయమయ్యాక చెప్పాలా? ముందే చెప్పడం పద్ధతి అనిపిస్తోంది, కానీ అక్కడే పక్కన పెట్టేస్తారేమోనని టెన్షన్.

ఆర్డర్ తప్పు వచ్చిందని కస్టమర్ కౌంటర్ మీద చెయ్యి కొడుతూ అరుస్తున్నాడు, వెనక క్యూ పెరిగిపోతోంది, ఏం చేస్తావు అంటే? సారీ చెప్పి, బిల్లు చూసి, సరైనది వెంటనే చేయించి ఇస్తానని చెబుదామనుకుంటున్నా. మేనేజర్‌ని పిలుస్తానంటే చేతకానివాడిననుకుంటారా?

శుభ్రత సంగతికొస్తే, సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడగాలనీ, పచ్చి మాంసం ముట్టుకున్న గ్లవ్స్‌తో బన్ను తాకకూడదనీ తెలుసు. ఇంతకంటే లోతుగా వెళ్తారా?

"ఇక్కడే ఎందుకు చేరాలనుకుంటున్నావు?" అనే ప్రశ్న ఒకటుంది కదా. జీతం కోసమేనని ఎవరికి తెలియదు! అయినా ఏం చెబితే బాగుంటుంది? ఇంకా, టక్ చేసుకుని వెళ్లాలా, మామూలు షర్టు చాలా?