కాకెంగిలి: ఈ మాట, ఆ చాక్లెట్లు

"కాకెంగిలి అంటే కాకి తిని వదిలేసిందా?" అని ఒక తమ్ముడు మన గ్రూపులో అడిగాడు. కాదు తమ్ముడూ. చాక్లెట్ ఒక్కటే ఉంటుంది, తినేవాళ్లు ముగ్గురు. ఎంగిలి కావద్దు. అప్పుడు దాన్ని అంగీ అంచులో చుట్టి, పంటి కింద పెట్టి కటుక్కున కొరకాలి. నడుమ గుడ్డ ఉంది కాబట్టి ఎంగిలి అంటలేదని లెక్క. అదే కాకెంగిలి. గుడ్డ విప్పితే ముక్కలు, కొంచెం పొడి, అంగీ మీద తడి మరక. ఆ పొడి ఎవరిదన్న దాని మీదే అసలు కొట్లాట.

కాకి + ఎంగిలి. వ్యాకరణం ప్రకారం రాస్తే 'కాకియెంగిలి' కావాలి. నోట్లో ఇకారం జారిపోయి కాకెంగిలి అయింది, తాటి ఆకు తాటాకు అయినట్టే. నాకు ఈ రూపమే ఇష్టం, రాతలో కూడా ఇదే ఉండాలంటాను.

అయితే ఈ మాటకు గట్టి చాక్లెట్ కావాలి. మా హన్మకొండ, వరంగల్ వైపు చాక్లెట్ అంటే కోకో ఉన్నదని కాదు, కాయితం చుట్టిన ఏ తీపి బిళ్లైనా చాక్లెటే. అసలైన చాక్లెట్ బార్‌ను మాత్రం ఏ కంపెనీదైనా సరే 'క్యాడ్‌బరీ' అనేవాళ్లం. చారానకు, అంటే పావలాకు, కిరాణం దుకాణం సీసాలోంచి వచ్చేవి న్యూట్రిన్ మహా లాక్టో, ఆశ, రావల్‌గావ్ వాళ్ల పాన్ పసంద్, మ్యాంగో మూడ్. మెత్తటి ఫైవ్ స్టార్‌కు కాకెంగిలి కుదరదు, గుడ్డకు అంటుకుపోతుంది. క్యాడ్‌బరీకి గళ్లు ఉంటాయి, చేత్తోనే విరుగుతుంది. కాకెంగిలి అనే మాట చారాన చాక్లెట్ తినేవాళ్ల మాట. ఆ చాక్లెట్లు సీసాల్లోంచి పోతుంటే మాట కూడా వెనక్కి పోతోందని నా బాధ.

వాటిని చేసిన వాళ్ల సంగతీ చెప్పుకోవాలి. న్యూట్రిన్ మన తెలుగువాళ్లదే. 1952లో చిత్తూరులో మొదలై 2006లో గోద్రెజ్ చేతికి పోయింది. లాక్టో కింగ్, కాఫీ బైట్ చేసిన ప్యారీస్ మిఠాయిల వ్యాపారాన్ని 2004లో కొరియా వాళ్ల లోటే తీసుకుంది. నాసిక్ జిల్లా రావల్‌గావ్ చక్కెర ఫ్యాక్టరీ వాళ్ల చాక్లెట్ పేర్లను 2024లో రిలయన్స్ 27 కోట్లకు కొన్నది. అన్ని పేర్లకు కలిపి అంతే! మన చారానలన్నీ చేరిన పేర్లు అవి. ఇక ఆ చారాన నాణెం కూడా 2011 జూన్ 30తో చెలామణి నుంచి పోయింది.

— జగిత్యాల సభ్యురాలు: అన్నా, మా బడిలో పుట్టినరోజు పిల్ల రంగుల గౌనులో వచ్చి అందరికీ ఒక్కొక్కటి పంచేది. చెల్లె కోసం సగం దాచాలంటే కాకెంగిలే. చున్నీ కొసతో చేసేవాళ్లం. 'ఎంగిలి' అనంగనే నాకు ఎంగిలిపూల బతుకమ్మ యాదికొస్తది. అది వేరే ఎంగిలా?

— మాట ఒక్కటే అక్కా. అన్నం తిన్నాక పేరుస్తారు కాబట్టి ఎంగిలిపూలు అని కొందరు, ముందురోజు తెంపిన పూలు కాబట్టి అని కొందరు చెప్తారు. ఎట్లా చూసినా అక్కడ ఎంగిలి అంటే రోత కాదు. పండుగే ఆ పేరుతో మొదలైతది. కాకెంగిలిలో కూడా నాకు ఆ చనువే కనిపిస్తుంది.

— జనగామ సభ్యుడు: రోల-కోలా కూడా కాకెంగిలికి బాగుండేది సార్. మళ్లీ వచ్చిందని విన్న, నిజమేనా?

— నిజమే. 2006లో పార్లే ఆపేసింది. 2019లో ఒకాయన ట్విట్టర్‌లో అడిగితే, పదివేల రీట్వీట్లు వస్తే చూస్తామన్నారు. జనం అంతకంటే ఎక్కువే ఇచ్చారు, కంపెనీ మళ్లీ తెచ్చింది. చాక్లెట్‌ను అడిగి తెప్పించుకున్నాం. మాటను మాత్రం మనమే ఇంట్లో వాడాలి, పిల్లల ముందు అనాలి. మంచిర్యాల, సిరిసిల్ల, ఆదిలాబాద్ వైపు దీనికి వేరే పేరుంటే, ఏ ఊళ్లో విన్నారో కూడా కలిపి రాయండి.