లేజర్ చేయించుకున్న మొహానికి కలబంద, పసుపు రాయొచ్చా? నాలుగు రోజుల్లో నలుగు ఉంది

ప్రశ్న (రాజమండ్రి నుంచి):

అందరికీ నమస్తే. పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) వల్ల గడ్డం కింద, పై పెదవి మీద వెంట్రుకలు ఎక్కువగా వస్తుంటే లేజర్ మొదలుపెట్టాను. ఈ రోజు పొద్దున మూడో సిట్టింగ్ అయింది. ఇప్పుడు సాయంత్రం ఆరు, గడ్డం అంతా ఎర్రగా ఉంది, వెంట్రుక ఉన్న ప్రతిచోటా చిన్న చిన్న పొంగులు, చెయ్యి పెడితే వేడిగా తగులుతోంది. మంట మాత్రం పొద్దుటికంటే తగ్గింది. క్లినిక్‌లో ఒక చిన్న ట్యూబ్ ఇచ్చి పంపించేశారు, ఇంకేమీ చెప్పలేదు. మా నాయనమ్మ పసుపు, గంధం కలిపి పట్టించమంటోంది, పిన్ని కలబంద అంటోంది, ఎదురింటి ఆవిడ వేపాకు నూరి రాయమన్నారు. ఈ గురువారం నాకు నలుగు, శనివారం పెళ్లి. చాలా టెన్షన్‌గా ఉంది, ఏది రాయొచ్చో ఎవరైనా చెప్పండి.

జవాబు:

చెల్లీ, ముందు కంగారు పడకు. (చెల్లి వరస అనుకుని నువ్వు అంటున్నాను.) నువ్వు చెప్పిన ఎరుపు, వెంట్రుక చుట్టూ పొంగు లేజర్ తర్వాత మామూలే. లేజర్ వెలుగు వెంట్రుకలోని నలుపును పట్టుకుని వేర్ల దాకా వేడెక్కిస్తుంది, ఆ వేడికి చుట్టూ ఉన్న చర్మం కాస్త ఉబ్బుతుంది. కొన్ని గంటల్లో మొదలుపెట్టి ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. మంట తగ్గుతూ వస్తోందన్నావు కదా, అది మంచి గుర్తు. అదే బొబ్బలు లేచినా, మిషన్ మొన ఆకారంలో పలకగా ముదురు అచ్చు పడినా, మంట గంటగంటకీ పెరుగుతున్నా అది కాలిన గాయం కిందే లెక్క. అప్పుడు ఇంటి వైద్యం ఏదీ వద్దు, ఆ ట్యూబ్ కూడా వద్దు, రాత్రయినా సరే చర్మ డాక్టర్‌కి ఫోన్ చెయ్యి.

ఇప్పుడు చేయాల్సింది చల్లదనం ఇవ్వడం, అంతే. మెత్తటి పాత నూలు గుడ్డ ఉతికినది తీసుకుని, కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లలో ముంచి పిండి, పది నిమిషాలు గడ్డం మీద ఊరికే ఆనించి ఉంచు, రుద్దకు. గంటకోసారి అలా చేస్తే రాత్రి పడుకునే వేళకి నీకే తేడా తెలుస్తుంది. ఐసు ముక్క నేరుగా పెట్టకు, వేడి తిన్న చర్మానికి అది ఇంకో దెబ్బ.

కలబంద విషయంలో మీ పిన్నిగారు చెప్పింది మంచి మాటే, కానీ పద్ధతిగా తీయాలి. ఎక్కువమంది ఆకు విరిచి అలాగే మొహానికి రుద్దేస్తారు. ఆకు కోయగానే తొక్క కింద నుంచి పసుపుపచ్చటి పాలు కారతాయి చూడు, చేదుగా ఉంటుంది, అదే ఎండబెడితే పచారీ కొట్లో అమ్మే ముసాంబరం అవుతుంది. అది తగిలితే దురద, మంట వస్తాయి. అందుకని అడుగున ఉన్న మందపాటి ఆకు కోసి, కడిగి, కోసిన వైపు కిందికి ఉండేలా స్టీలు గ్లాసులో ఇరవై నిమిషాలు నిలబెట్టు. గ్లాసు అడుగున పచ్చటి జిగురు పేరుకుంటుంది, అది పారబొయ్యి. తర్వాత తొక్క కాస్త లోతుగా చెక్కి, లోపలి గుజ్జు అద్దంలా తెల్లగా కనిపించేదాకా నీళ్లతో కడుగు. స్పూనుతో చిదిపి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి పల్చగా పూస్తే చల్లగా హాయిగా ఉంటుంది. ముందు చెవి వెనకాల కొంచెం రాసి చూడు, దురద పుడితే మానెయ్యి. ఏ పూటకాపూట తాజాగా తీసుకో, మిగిలింది దాచకు. బజార్లో దొరికే ముదురు ఆకుపచ్చ సీసా జెల్ అయితే వెనక చదువు, రంగు, సెంటు కలిపినదైతే ఇప్పుడు వాడకు.

పసుపు, గంధం, నిమ్మరసం, వేపాకు ముద్ద, ముల్తానీ మట్టి, కొబ్బరినూనె, ఇవన్నీ ఒక వారం పక్కన పెట్టు. మామూలు చర్మానికి మంచివి కావని అనడం లేదు, మా ఇంట్లో రోజూ వాడతాం. కానీ లేజర్ తిన్న చర్మం పైకి తెగినట్టు కనిపించకపోయినా లోపల అదిరిపోయి ఉంటుంది. నూనె వెంట్రుక రంధ్రాలను మూసేస్తే కురుపులు లేస్తాయి. వేపాకు ముద్ద గరుకుగా ఉంటుంది. పసుపులో బజారు కల్తీ సంగతి తెలిసిందే, పైగా ఆ పచ్చదనం కింద ఎరుపు తగ్గిందో పెరిగిందో కూడా కనబడదు.

నేను రెండేళ్ల కిందట రెండో సిట్టింగ్ అయిన మర్నాడు శనగపిండిలో నిమ్మరసం పిండి పట్టించుకుని, కడుక్కుని, మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్లాను. అరగంట కూడా లేను. వారం తిరిగేసరికి దవడ పక్కన మట్టిరంగు చార, వేలితో గీసినట్టు. అది పోవడానికి ఏడు నెలలు పట్టింది. వెంట్రుకల బాధ పోగొట్టుకుందామని వెళ్లి మచ్చ తెచ్చుకున్నానని ఎన్నిసార్లు ఏడ్చానో. మన రంగు చర్మానికి ఏ చిన్న మంట వచ్చినా నల్లమచ్చ పడే గుణం ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంకొకరి మాట:

పసుపు యాంటీసెప్టిక్ కదండీ? తరతరాలుగా గాయాలకి అద్దుతున్నాం. డాక్టర్లు చెప్పారని మనవన్నీ చెడ్డవనుకోవడం నాకు నచ్చదు.

జవాబు:

మీరు బాధపడకండి, నేను మనవాటిని తక్కువ చేయడం లేదు. మన పెద్దవాళ్లే దేన్ని ఎప్పుడు వాడాలో చూసి వాడేవారు. ఒక్క ఉదాహరణ చెప్తాను, ఇది ఆ చెల్లికి కూడా చాలా ముఖ్యం. ఇంట్లో చేసే సున్నిపిండిలో పెసలు, కచ్చూరాలతో పాటు చాలామంది బావంచాలు వేస్తారు. ఆ బావంచాలనే ఆయుర్వేదంలో బొల్లి మచ్చలకి మందుగా పూసి రోగిని ఎండలో కూర్చోబెట్టేవారు, ఎందుకంటే అందులోని సొరాలిన్ అనే పదార్థం చర్మం ఎండని ఎక్కువ పట్టుకునేలా చేస్తుంది. రంగు పోయిన చోట అది వైద్యం, లేజర్ అయిన మొహానికి అదే మచ్చకి దారి. నిమ్మకాయలోనూ ఆ జాతి పదార్థాలే ఉంటాయి, నా చార కథ అదే.

మళ్లీ ప్రశ్న:

అక్కా, మా నాయనమ్మ సున్నిపిండి డబ్బాలో ఇప్పుడే వాసన చూశాను, అడిగితే బావంచాలు వేశానంది! మరి నలుగు ఎలా? మొహానికి పెట్టకపోతే పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఇంకా బుధవారం పార్లర్‌లో ఫేషియల్, బ్లీచ్, థ్రెడింగ్ బుక్ చేశారు.

జవాబు:

నాయనమ్మగారి దగ్గర కూర్చుని నెమ్మదిగా చెప్పు, బొల్లికి బావంచాలు వాడతారన్న సంగతి ఆవిడకే బాగా తెలిసి ఉంటుంది, వెంటనే అర్థం చేసుకుంటారు. నలుగు చేతులకి, కాళ్లకి, పాదాలకి నిండుగా పెట్టించుకో. దానికైనా ఉత్త పెసరపిండి వేరే గిన్నెలో కలిపించు, ఆ డబ్బా పిండి వద్దు, పెళ్లిపనుల్లో ఎండలో తిరగక తప్పదు కదా. మొహానికి శాస్త్రం కోసం నుదుటి మీద ఒక్క వేలితో అద్దితే చాలు, లేజర్ తగిలిన గడ్డం, పై పెదవి దగ్గరికి రానీయకు. ఫొటోలో ఎవరికీ తేడా తెలియదు.

బ్లీచ్, ఫేషియల్ రెండూ రద్దు చేసుకో, డబ్బులు పోయినా సరే. థ్రెడింగ్ కనుబొమ్మలకి చేయించుకో, పై పెదవికి, గడ్డానికి వద్దు. దారంతో లాగితే వెంట్రుక వేర్లతో వచ్చేస్తుంది, ఆ వేరు ఉంటేనే తర్వాతి సిట్టింగ్‌లో లేజర్ పనిచేసేది. మరీ కనిపిస్తే ఎరుపు పూర్తిగా పోయాక కొత్త రేజర్‌తో తీసుకోవచ్చు.

రెండు రోజులు వేడి నీళ్లు మొహం మీద పోసుకోకు, ఆవిరి పట్టకు. పెళ్లిల్లు కాబట్టి అరిసెల మూకుడు దగ్గర నిలబడమంటారు, ఆ సెగ కూడా వద్దు, అవతల గదిలో కూర్చుని ఉండలు చుట్టే పని అడుగు. బయటికి వెళ్తే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి, దానికి తోడు గొడుగు. వైశాఖం ఎండ మీ గోదావరి ఒడ్డున ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఆ ట్యూబ్ మీద పేరేముంది? ఒకటి రెండు రోజులకి తేలికపాటి స్టెరాయిడ్ ఇవ్వడం మామూలే, ఎన్ని రోజులు, రోజుకి ఎన్నిసార్లు అని ఫోన్ చేసి అడుగు, అది నీ హక్కు. బాగుందని నెలల తరబడి రాసుకుంటే చర్మం పల్చబడి, మొటిమలు వచ్చి, వెంట్రుకలు ఇంకా పెరిగే ప్రమాదం ఉంది.

ఇంకొకరి మాట:

కొరియా క్రీముల్లో సికా అని వస్తోంది కదా, అది మన సరస్వతి ఆకేనట. పెరట్లో ఉంది, నూరి రాయమందామా?

జవాబు:

సరస్వతి ఆకే, నిజం. కానీ క్రీములో వేసేది శుభ్రం చేసి తీసిన సారం. పెరట్లో ఆకుకి మట్టి, పురుగు అన్నీ ఉంటాయి, నూరిన ముద్ద ఈ చర్మానికి వద్దు. సెంటు లేని సికా క్రీము ఆ చెల్లి ఇదివరకే వాడుతుంటే రాసుకోవచ్చు, పెళ్లి ఇంత దగ్గర పెట్టుకుని కొత్తది మొదలుపెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారి నుంచి (శుక్రవారం):

అక్కా, మంగళవారానికే ఎరుపు పోయింది. నాయనమ్మ తనే విసురుకుని ఉత్త పెసరపిండి కలిపింది, గడ్డం జోలికి ఎవరినీ రానివ్వలేదు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే ట్యూబ్ రెండు రోజులే అన్నారు, ఆపేశాను. ఇప్పుడు గడ్డం మీద నల్ల చుక్కల్లా కనిపిస్తున్నాయి, వెంట్రుకలు మళ్లీ మొలుస్తున్నాయా?

జవాబు:

కాదు, అవి కాలిపోయి బయటికి వస్తున్న పాత వెంట్రుకలు. రెండు మూడు వారాల్లో వాటంతటవే రాలిపోతాయి, గిల్లకు, స్క్రబ్ పెట్టకు. రేపు మేకప్ ఆవిడకి లేజర్ సంగతి ముందే చెప్పి, గడ్డం మీద స్పాంజి రుద్దకుండా అద్దమను. రాత్రికి మేకప్ తుడిచేటప్పుడు కూడా మెల్లగా. శుభం చెల్లీ.