కరెంటు ధరల విచారణలో మన తరఫున వాదించడానికి ఒక ఆఫీసు ఉండాలా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

శ్రీకాకుళంలో రెండు మూడు రైసు మిల్లులకు, కొన్ని షాపులకు లెక్కలు రాస్తుంటాను. నెలకి పాతిక, ముప్ఫై కరెంటు బిల్లులు నా చేతుల మీదుగా వెళ్తాయి. మిషన్లోంచి వచ్చే ఆ కాయితం మీద అక్షరాలు నాలుగు నెలలకే చెరిగిపోతాయి, అందుకే వచ్చిన రోజే ఫోటో తీసి దాస్తాను. ఫిక్స్‌డ్ ఛార్జీ, ఎనర్జీ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం వరకు అందరికీ అర్థమవుతుంది. తర్వాత ఎఫ్‌పీపీసీఏ అని ఒక గీత వస్తుంది. దాని మీద వేలు పెట్టి "ఇది ఎవరు వేశారండీ?" అని అడగనివాళ్లు లేరు. ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు సర్దుబాటు అని చెప్తాను. ఎవరు వేశారో చెప్పాలంటే మాత్రం కథ మొదటినుంచీ చెప్పాలి.

ఏటా నవంబరు నెలాఖరుకి డిస్కంలు, అంటే మనకి కరెంటు పంపిణీ చేసే కంపెనీలు, వచ్చే ఏడాదికి తమకి ఎంత డబ్బు కావాలో లెక్కగట్టి విద్యుత్ నియంత్రణ మండలికి, అంటే ఏపీఈఆర్‌సీకి ఇస్తాయి. మండలి జనం అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణ జరిపి, 120 రోజుల్లో తేల్చాలి. ఏప్రిల్ 1 నుంచి కొత్త ధరలు. పద్ధతి మంచిదే. కానీ విచారణలో అటువైపు ఇంజినీర్లు, ఆడిటర్లు, వకీళ్లు ఉంటారు. ఇటువైపు ఉండేది సొంత ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్లు. ఎం. వేణుగోపాలరావు గారు, ఎం. తిమ్మారెడ్డి గారు లాంటి కొద్దిమంది ఏళ్ల తరబడి వందల పేజీల ఇంగ్లీషు లెక్కలు చదివి అభ్యంతరాలు వేస్తున్నారు. వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఇన్ని లక్షల ఇళ్ల తరఫు వాదన నలుగురి ఓపిక మీద నడవడం సరైనదేనా?

పైగా డిస్కం వకీలు ఫీజు డిస్కం ఖర్చుల్లోకి, అక్కణ్నుంచి మన బిల్లులోకి వస్తుంది. అటువైపు వాదనకి డబ్బు మనమే కడుతున్నాం. ఇటువైపు వాదనకి పైసా లేదు.

2003 విద్యుత్ చట్టం 94వ సెక్షన్ మూడో క్లాజులో వినియోగదారుల తరఫున మాట్లాడేవారిని మండలి నియమించవచ్చు అని ఉంది. మహారాష్ట్ర మండలి దీని కిందే ప్రయాస్, ముంబై గ్రాహక్ పంచాయత్ లాంటి సంస్థలకి ఆ హోదా ఇచ్చింది. కర్ణాటక మండలి వినియోగదారుల తరఫు ఆఫీసునే ఏర్పాటు చేసింది. ఆ "నియమించవచ్చు"ని "నియమించి తీరాలి" చేసి, ఒక స్వతంత్ర ఆఫీసు పెట్టాలని నేనంటాను. మన రాష్ట్రం ఏడాదికి వాడేది ఆరు వేల కోట్ల యూనిట్లకు పైనే. యూనిట్‌కి పైసాలో పదో వంతు తీసినా ఏడాదికి ఆరు కోట్లు వస్తాయి. నెలకి 150 యూనిట్లు కాల్చే ఇంటికి పడేది 15 పైసలు. మీరేమంటారు?

రిటైర్డ్ ఏఈ (విజయనగరం)

నేను ఒప్పుకోను. కరెంటు శాఖలో ఇంజినీరుగా ముప్ఫై ఏళ్లు చేశాను, లోపలి సంగతి తెలిసే చెప్తున్నాను.

మండలి ఉన్నదే రెండు వైపులా చూడటానికి. 2022-23 సర్దుబాటు కింద డిస్కంలు సుమారు 8,114 కోట్లు అడిగితే 6,072 కోట్లకే ఒప్పుకుంది. ఆ రెండు వేల కోట్లు కోసింది మండలే కదా? దాని పక్కన ఇంకో ఆఫీసంటే ఇంకో రిటైరైన ఆఫీసరు, ఒక కారు, ఇద్దరు అటెండర్లు.

అసలు ప్రశ్న వేరే ఉంది. వినియోగదారుడంటే ఎవరండీ? మోటారుకి ఉచిత కరెంటు తీసుకునే రైతా? మొదటి 30 యూనిట్లకి రూపాయి తొంభై పైసలు కట్టే ఇల్లా? 400 దాటితే తొమ్మిది డెబ్బై అయిదు కట్టే ఇల్లా? గరివిడి ఫెర్రో ఫ్యాక్టరీయా? ఒకరికి తగ్గిస్తే ఆ భారం ఇంకొకరి నెత్తి మీద పడుతుంది. మీ ఆఫీసు ఎవరి పక్షాన నిలబడుతుంది?

ఇంకొకటి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు చేలల్లో వరసగా పడుకున్నాయి. లేపడానికి మనుషులు, తీగ, ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. అవి ముందే కొని పెట్టుకోవాలి. ప్రతి ఖర్చునీ దండగ అని వాదించే ఆఫీసు ఒకటి ఉంటే, మళ్లీ తుఫాను వచ్చిన రోజు మీరే మమ్మల్ని తిడతారు.

పలాస జీడి

ఏఈ గారూ, తిత్లీ నాడు మీవాళ్లు పడిన కష్టం కళ్లారా చూశాం, కాదనం. కానీ దేనికెంత ఖర్చయిందో మాకేటి తెలుస్తాది? వ్యవసాయ మోటార్లకి మీటర్లు రాష్ట్రంలో ముందు పెట్టింది మన శ్రీకాకుళం జిల్లాలోనే. అవి మంచివో కాదో మా ఊళ్లో ఇప్పటికీ ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు. లెక్క చదివి చెప్పే మనిషి ఒకడుంటే చాలు, మాకు కారూ అటెండరూ అక్కర్లేదు.

గరివిడి ఫర్నేసు

ఫెర్రో ఎల్లాయ్స్‌లో కాంట్రాక్టు పని నాది. మా ఉత్పత్తికి సరుకెంతో కరెంటూ అంతే. ధర పెరిగితే ఫర్నేసు ఆపుతారు, ముందు ఇంటికి పోయేది మేమే. యాజమాన్యాలు విచారణకి వకీలుని పంపగలవు. ఫ్యాక్టరీకి ధర తగ్గించమంటే ఇళ్లకి పెరుగుతుందంటారు, ఆ ఇళ్లల్లో మా ఇల్లూ ఒకటి. అందుకే ఏఈ గారు అడిగింది నాకూ ప్రశ్నే. దానికి జవాబు చెప్పకుండా ఆఫీసు పెడితే గట్టిగా అరిచినవాడిదే అవుతుంది.

పొందూరు టీచర్

అద్దె ఇంట్లో ఉంటున్నాను. సర్దుబాటు పాత నెలల్లో ఆ సర్వీసు మీద కాల్చిన యూనిట్లకి వేస్తారు. ఆ నెలల్లో ఈ ఇంట్లో ఉన్నది నేను కాదు. ముందున్నవాళ్ల ఏసీకి నేను కట్టాను. ఎంత అని కాదు, ఇది విచారణలో అడగాల్సిన మాట అని నాకు తోచేసరికే గడువు అయిపోయింది.

నాగావళి ఒడ్డు

టీచర్ గారూ, మీరు చెప్పిందే నా బాధ. బిల్లు తప్పు పడితే సమస్యల పరిష్కార వేదిక ఉంది, ఆ పైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. కానీ మీ బిల్లులో తప్పు లేదు. ఉత్తర్వు ప్రకారమే వేశారు. ఆ ఉత్తర్వు రాకముందే అద్దెకుండేవాళ్ల సంగతి అడగాల్సింది.

ఏఈ గారి పెద్ద ప్రశ్నకి వస్తాను. పంక్తిలో ఎవరికెంత వడ్డించాలన్నది ఒక గొడవ. వంటకి సరుకు ఎంతకి కొన్నారన్నది ఇంకో గొడవ. రైతు, ఇల్లు, ఫ్యాక్టరీ తగువులాడుకునేది వడ్డన దగ్గర. కరెంటు ఎంతకి కొన్నారు, దారిలో నష్టం ఎంత చూపించారు, అప్పుకి వడ్డీ ఎంత వేశారు అన్నచోట అందరిదీ ఒకటే పక్షం. ఈ ఆఫీసు ఆ సరుకు లెక్కకే కట్టుబడి ఉండాలని చట్టంలోనే రాసేద్దాం. వడ్డన గొడవలో రైతు సంఘాలు, పరిశ్రమలవాళ్లు ఎవరి మాట వాళ్లు చెప్పుకుంటారు. గరివిడి తమ్ముడూ, ఇదైతే నీకు పర్వాలేదా?

మండలి కోస్తుందన్నారు. నిజమే. కానీ 2021 ఆగస్టు గుర్తు తెచ్చుకోండి. 2014-19 ట్రూ అప్ కింద, అంటే ఆ ఏళ్లలో ఖర్చుకీ వసూలుకీ వచ్చిన తేడా కింద, 3,669 కోట్లు వసూలు చేసుకోమని ఉత్తర్వు వచ్చింది, మన డిస్కం ఈపీడీసీఎల్ పరిధిలో యూనిట్‌కి 45 పైసలు. ముందుగా బహిరంగ ప్రకటన ఇవ్వలేదని కోర్టుకెళ్తే దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ విచారణ పెట్టారు. 2022లో సుమారు 2,910 కోట్లకి దిగింది, మనకి 7 పైసలయింది. అదే మండలి, అవే లెక్కలు. అడిగినవాళ్లు ఉన్నారు, అంతే తేడా.

రిటైర్డ్ ఏఈ (విజయనగరం)

45 పైసలు ఏడుకి దిగడంలో వసూలుని ఎక్కువ నెలలకి పరచడం కూడా ఉంది, అది మర్చిపోవద్దు. మొత్తంలో తగ్గింది సుమారు 750 కోట్లు. తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. సరుకు లెక్క, వడ్డన లెక్క అని విడదీయడం కూడా బాగుంది. మరి ఆ మనిషిని ఎవరు నియమిస్తారు? ప్రభుత్వమే అయితే డిస్కంలూ ప్రభుత్వానివే కదా.

నాగావళి ఒడ్డు

అక్కడే జాగ్రత్త పడాలండీ. హైకోర్టు రిటైర్డ్ జడ్జి ఒకరు ఉన్న కమిటీ ఎంచాలి. ఐదేళ్ల పదవి, మధ్యలో తీసేయడానికి వీల్లేదు. డిస్కంలోనో ఇంధన శాఖలోనో పనిచేసి మూడేళ్లు దాటనివాళ్లు వద్దు. ఏ కాగితం అడిగినా డిస్కం ఇవ్వాలి. ఢిల్లీలో ఉన్న అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసే హక్కు ఉండాలి, ఎందుకంటే పొందూరు నుంచి ఒక టీచరు అక్కడిదాకా వెళ్లలేరు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు ఛార్జీల మీద ఊరేగింపుకి వచ్చిన ముగ్గురి ప్రాణాలు పోయాయి. ధర గురించి అడగాలంటే రోడ్డెక్కడం తప్ప దారిలేని పరిస్థితి మళ్లీ రాకూడదు.

వచ్చే విచారణకి శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఈ కోరికతో ఒక అభ్యంతర పత్రం వేద్దాం. రాసే పని నాది.

గరివిడి ఫర్నేసు

సరుకు లెక్క వరకే అయితే మావాళ్ల సంతకాలు ఓ నలభై తెస్తాను.

రిటైర్డ్ ఏఈ (విజయనగరం)

శాశ్వత ఆఫీసు అన్న వాక్యం కింద నేను సంతకం పెట్టను. మూడేళ్లు నడిపి చూసి, తర్వాత ఉంచాలో వద్దో తేల్చాలి అని మార్చండి. పంపిణీ నష్టాల పట్టికలు మాత్రం నాకు పంపండి. ఫీడరు వారీగా ఎక్కడ ఏం చూడాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇస్తాను.