1967 షెవర్లే పికప్ గేరుబాక్సు: ఎస్‌ఎం 420నా, 465నా? పోత నంబరు నమ్మాలా, చుట్లు లెక్కపెట్టాలా?

ఫ్రిస్కో_పికప్:
అందరికీ నమస్కారం. ఉండేది టెక్సస్‌లో. మూడు నెలల క్రితం ఒక పెద్దాయన దగ్గర 1967 షెవర్లే సీ20 కొన్నాను. ముప్పావు టన్ను బండి, వెనక చక్రాల డ్రైవ్. ఇంజను బాగానే ఉంది. గేరుబాక్సు మాత్రం విప్పేసి, తొట్టిలో టార్పాలిన్ కప్పి ఇచ్చారు. "కంపెనీలో బిగించిందే, ఎస్‌ఎం 420" అని చెప్పి దానికి విడిగా డబ్బు కూడా తీసుకున్నారు. ఇప్పుడు మా పక్కింటాయన చూసి "ఇది 420 కాదు, 465" అంటున్నాడు. రెండూ షెవర్లే పికప్పుల్లో వచ్చిన నాలుగు గేర్ల బాక్సులే. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

గ్లవ్ బాక్సు మూత లోపల అంటించి ఉండాల్సిన ఆప్షన్ల కాగితం చిరిగిపోయింది. పెట్టె మీద గ్రీజు, మట్టి కలిసి అర అంగుళం మందాన పేరుకున్నాయి. గీకితే పోత నంబరు (పెట్టెను అచ్చులో పోసినప్పుడే దాని మీద పడే అంకెలు) కనిపించింది కానీ రెండు చోట్ల అది 3నో 8నో తెలియడం లేదు. ఫోటో పెట్టాను. దేన్ని నమ్మాలి?

హ్యూస్టన్_షెడ్డు:
పోత నంబరే నమ్మాలి, ఇంకేదీ కాదు. వైరు బ్రష్‌తో శుభ్రంగా తోమి, సుద్దముక్కను అడ్డంగా రుద్దండి. అంకె పైకి తేలుతుంది. 420ని 1947 నుంచి 1967 దాకా, 465ని 1968 నుంచి 1991 దాకా వాడారు. మీ బండి 1967ది కాబట్టి 420 అవడానికే ఎక్కువ అవకాశం. పెద్దాయన అబద్ధం చెప్పారని అప్పుడే అనుకోకండి.

జీపు_మోజు:
ఇంకో తేలిక గుర్తు ఉంది. పక్కన ఆరు బోల్టుల పీటీఓ మూత ఉంటుంది (గేరుబాక్సు నుంచి వేరే యంత్రాలకు శక్తి తీసుకునే చోటును మూసేది). అది డ్రైవర్ వైపు ఉంటే 420. మీరు పెట్టిన ఫోటోలో కుడివైపు ఉంది, అంటే డ్రైవర్ వైపే. 420 ఖాయం. అభినందనలు అన్నా!

ఆటోనగర్_చేతులు:
జీపు తమ్ముడూ, ఆగు. మన దేశంలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు, అమెరికాలో ఎడమవైపు. ఆ బండికి కుడివైపు అంటే డ్రైవర్ పక్కన కూర్చునే మనిషి వైపు. నువ్వు చెప్పిన గుర్తు సరైనదే, దాన్ని తిరగేసి చదివావు. అందుకే గేరుబాక్సు గురించి చెప్పేటప్పుడు డ్రైవర్ వైపు, క్లీనర్ వైపు అనకూడదు. ఇంజనులోకి దూరే షాఫ్టు ముందుకు ఉండేలా పెట్టి, వెనక నిలబడి, కుడి ఎడమలు చెప్పాలి. అలా చూస్తే మూత ఎడమన ఉన్నది 420, కుడిన ఉన్నది 465.

ఫ్రిస్కో గారూ, విజయవాడ ఆటోనగర్‌లో 28 ఏళ్ళు లారీ గేరుబాక్సులు విప్పి బిగించిన చేతులివి. మీ బండి రకం నేను విప్పలేదు, కానీ పళ్ళ లెక్క ఏ దేశంలోనైనా ఒకటే. పెట్టె మీది నంబరు ఆ ఇనప పెట్టెను ఏ అచ్చులో పోశారో చెబుతుంది. లోపల ఏముందో చెప్పదు. మా దగ్గరికి ఒకసారి ఘాట్ రోడ్డులో పెట్టె పగిలిన లారీ వచ్చింది. పళ్ళన్నీ బాగున్నాయి. వేరే లారీ పెట్టె తెచ్చి ఇవే పళ్ళు అందులో దించాం. నాలుగేళ్ళ తర్వాత ఇంకెవరో ఆ నంబరు చూసి బేరింగులు కొనుక్కొచ్చి, సరిపోక మా గడపలో నిలబడ్డారు. ఆ రోజు నుంచి విప్పిన బాక్సు చేతికొస్తే ముందు షాఫ్టు తిప్పి లెక్కపెడతాను, నంబరు ఆ తర్వాతే చూస్తాను.

ఎలాగంటే, ఇంజను వైపు షాఫ్టు మీద ఒక సుద్ద గీత, వెనక షాఫ్టు మీద ఒక గీత పెట్టండి. ఫస్ట్ గేరు వేసి ముందు షాఫ్టును చేత్తో తిప్పండి. వెనకది ఒక చుట్టు తిరగడానికి ముందుది ఏడు చుట్లకు కాస్త పైన తిరిగితే 420, ఆరున్నర అయితే 465. 7.05కి, 6.55కి తేడా అర చుట్టు. కంటికి కనిపిస్తుంది.

హ్యూస్టన్_షెడ్డు:
ఆటోనగర్ గారూ, మీ అనుభవానికి నమస్కారం. కానీ ఈ విషయంలో ఒప్పుకోను. మీ లారీలో పళ్ళు మార్చగలిగారంటే రెండూ ఒకే రకం పెట్టెలు. ఇక్కడ అలా కుదరదు. 420 పెట్టె పొడవు 10.5 అంగుళాలు, 465ది 12 అంగుళాలు. ఒకదాని పళ్ళు ఇంకోదానిలో పట్టవు. కాబట్టి ఈ రెండింటి మధ్య తేల్చడానికి పెట్టె చూస్తే చాలు, టేపు పెట్టి కొలిచినా చాలు.

ఆటోనగర్_చేతులు:
ఆ మాట నిజం, ఒప్పుకుంటున్నాను. ఈ జంట వరకు పొడవు కొలిస్తే తేలిపోతుంది. అయినా అంకెల్లో 3నా 8నా అన్న అనుమానం ఉన్నప్పుడు నంబరే రాజు అంటే ఎలా? పొడవు, పీటీఓ మూత, చుట్ల లెక్క, ఈ మూడు గుర్తులూ కలిసి ఒకే మాట చెప్పాలి. అప్పుడే డబ్బు తీసుకున్న మనిషితో మాట్లాడగలం.

ఫ్రిస్కో_పికప్:
రాత్రి గ్యారేజీలో కూర్చుని తిప్పాను. మా ఆవిడ టార్చి పట్టుకుంది. వెనకది ఒక చుట్టుకి ముందుది మూడున్నర దాటింది. నెట్‌లో చూస్తే 420 రెండో గేరు 3.58 అని ఉంది. అంటే రాడ్డు రెండో గేరులో పడినట్టుంది. ఏదైతేనేం, లెక్క 420కి సరిపోయింది కదా?

ఆటోనగర్_చేతులు:
సరిపోలేదండీ. 465 రెండో గేరు కూడా 3.58యే! సరిగ్గా ఆ ఒక్క గేరులో రెండు బాక్సులూ ఒకేలా తిరుగుతాయి. మీకు కావలసింది ఫస్ట్ గేరు.

రాడ్డును ఒక్కో స్థానంలో వేసి తిప్పుతూ పోండి. వెనక షాఫ్టు ఎదురు దిశలో తిరిగితే అది రివర్స్, దాన్ని పక్కన పెట్టండి. మిగతా నాలుగింటిలో ఏది వేసినప్పుడు ముందు షాఫ్టు ఎక్కువ చుట్లు తిరుగుతుందో అదే ఫస్ట్. ఒక్క చుట్టుతో వదిలేయకండి. వెనకది పది చుట్లు తిరిగేదాకా లెక్కపెట్టండి. 70 దాటితే 420, 65 దగ్గర ఆగితే 465. పది చుట్ల మీద తేడా అయిదు చుట్లు, అక్కడ పొరపాటుకి చోటుండదు. ఒకరు తిప్పాలి, ఒకరు గీత చూస్తూ పైకి లెక్క చెప్పాలి. ఇద్దరూ లెక్కపెడితే ఇద్దరూ తప్పుతారు.

ఫ్రిస్కో_పికప్:
ఈసారి నేను తిప్పాను, ఆవిడ లెక్కపెట్టింది. మొదటిసారి అరవై అయిదున్నర. నమ్మలేక మళ్ళీ చేశాం. మళ్ళీ అరవై అయిదున్నరే. టేపు పెడితే పెట్టె 12 అంగుళాలు. మీరు చెప్పినట్టు వెనక నిలబడి చూస్తే పీటీఓ మూత కుడిచేతి వైపు ఉంది. 465.

మనసు చివుక్కుమంది. డబ్బు ఒక ఎత్తు, "కంపెనీలో బిగించిందే" అన్న మాట ఒక ఎత్తు. ఆ మాట విన్నాకే బండి కొన్నాను.

హ్యూస్టన్_షెడ్డు:
మూడు గుర్తులూ కలిశాయి, ఇక వాదన లేదు. నా అంచనా తప్పయింది. బండి పుట్టిన ఏడాది చూసి బాక్సు ఏదో చెప్పకూడదని నాకూ తెలిసొచ్చింది.

420కి ధర ఎక్కువ చెప్పడానికి ఒక కారణం ఉంది. పొట్టిది, పైగా ఫస్ట్ గేరు ఇంకా బలమైనది కాబట్టి రాళ్ళ దారుల్లో జీపులు నడిపేవాళ్ళు దాన్ని వెతికి కొంటారు. మీ సీ20కి ఆ పొట్టితనంతో పనిలేదు. కానీ బండిని 1967లో ఉన్నట్టే నిలపాలంటే 420 తెచ్చి పెట్టడమే న్యాయం. రేపు మీ తర్వాత కొనేవాళ్ళకు కూడా నిజం చెప్పినట్టవుతుంది.

డెన్వర్_దారి:
ఇది నేను ఒప్పుకోను. 420 అయినా 465 అయినా నాలుగో గేరు 1:1 దగ్గరే ఆగుతుంది, అంటే ఇంజను ఒక చుట్టుకి వెనక షాఫ్టు ఒక చుట్టు. వెనక ఇరుసులోని క్రౌన్ నిష్పత్తి 4.10, టైరు 30 అంగుళాలు అనుకుంటే గంటకు 65 మైళ్ళ వేగంలో ఇంజను నిమిషానికి దాదాపు 3,000 చుట్లు తిరుగుతుంది. ఆ మోతలో పక్కవాళ్ళ మాట వినపడదు. ఎన్‌వీ 4500 అనే అయిదు గేర్ల బాక్సు పెడితే అయిదోది 0.73, అదే వేగంలో 2,200 లోపు ఉంటుంది. పిల్లల్ని ఎక్కించుకుని ఊరు దాటాలంటే అది ముఖ్యం.

ఆటోనగర్_చేతులు:
డెన్వర్ గారి లెక్క తప్పు కాదు. కానీ 465 చెడ్డ బాక్సు కాదండీ. ఇరవై ఏళ్ళకు పైగా తయారైందంటే ఊరికే కాలేదు. సుమారు 80 కిలోల ఇనుము, బరువులు లాగడానికే పుట్టింది. దాన్ని 465 అని పిలిచి వాడుకుంటే ఎవరికీ మోసం లేదు. 420 అని పిలిస్తేనే మోసం. అమ్మినాయనకు మూడు గుర్తులూ ఫోటోలతో పంపండి, తేడా డబ్బు మర్యాదగా అడగండి. ఆయనకూ ఎవరో అలాగే చెప్పి ఉండొచ్చు.

బిగించే ముందు ఒక పని చేయండి. ఈ బాక్సులో ఫస్ట్ గేరుకి సింక్రో (గేరు పడే ముందు వేగాలు కలిపే ఇత్తడి రింగు) లేదు. బండి కదులుతుండగా డబుల్ క్లచ్ (న్యూట్రల్‌లో క్లచ్ వదిలి మళ్ళీ తొక్కడం) కొట్టకుండా బలవంతంగా ఫస్ట్ వేసినవాళ్ళ చేతిలో పడితే పళ్ళ అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. పై మూత విప్పి చూడండి. గేరు ఆయిల్ జీఎల్ 4 రకమే పోయండి, జీఎల్ 5లోని గంధకం కలిసిన మందులు సింక్రోల ఇత్తడిని తినేయొచ్చు. ఖాళీ బండిని రెండో గేరులోనే లేపండి, ఫస్ట్ బరువుకి, ఎత్తుకి మాత్రమే.

ఫ్రిస్కో_పికప్:
ఆయనకు ఫోటోలు పంపాను. ఇంకా జవాబు రాలేదు. అయిదు గేర్ల సంగతి వచ్చే ఏడాది చూస్తాను, ఈ వేసవికి 465నే బిగిస్తున్నాను. శనివారం పై మూత విప్పుతాను. ఫస్ట్ గేరు పళ్ళ ఫోటోలు దగ్గర నుంచి తీసి ఇక్కడే పెడతాను. ఆటోనగర్ గారూ, అంచులు మీరే చూసి చెప్పాలి.